అపరిగ్రహమూ అభిరుచి సాధనాలూ
పతంజలి చెప్పిన ఐదు యమాలలోనూ, జైన పంచ మహావ్రతాలలోనూ చివరిదిగా నిలిచిన అపరిగ్రహాన్ని, అంటే అవసరానికి మించి పోగుచేసుకోకపోవడాన్ని, జైన ధర్మం సన్న్యాసికి సంపూర్ణంగా విధించి, గృహస్థుకు మాత్రం పరిగ్రహ పరిమాణమనే అణువ్రతంగా సడలించి, ఆస్తికి ముందుగానే ఒక హద్దు గీసుకోమంటుంది. సరదాకు వీడియోలు తీసే వ్యక్తి కెమెరా స్లైడర్‌ను, అనగా కెమెరాను పట్టాలపై నునుపుగా పక్కకు జరిపే సాధనాన్ని, కొనేటప్పుడు ఈ వ్రతం నిజంగా దారి చూపుతుంది. దగ్గరి వస్తువు వేగంగానూ దూరపుది నెమ్మదిగానూ కదిలినట్లు కనిపించే దృష్టిభేదమే ఈ సాధనం ఇచ్చే అందం కనుక, కెమెరాకు చేరువలో ఒక పూలకుండీ ఉంటే 60 సెంటీమీటర్ల పట్టా కూడా గదిలోని దృశ్యానికి చాలుతుంది. పొడవు పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది, పైగా మధ్యలో ఒకే ట్రైపాడ్‌పై నిలిపితే కెమెరా చివరికి చేరినప్పుడు పట్టా ఒరుగుతుంది. అయితే అపరిగ్రహాన్ని పిసినారితనంగా పొరబడరాదు, ఎందుకంటే బేరింగులు పట్టేసి బొమ్మను కుదిపే నాసిరకం సరుకు కొని, ఆపై మరొకటి కొనడం కూడా పోగుచేయడమే. కాబట్టి మోటారునూ అదనపు పొడవునూ వదులుకుని, తన కెమెరా, లెన్సుల బరువును నిలకడగా మోసే, చేత్తో జరిపే పొట్టి స్లైడర్‌ను తీసుకోవడమే అభిరుచి గల గృహస్థుకు తగిన ఎంపిక.