పళ్ళు దింపిన మిషను

ధ్యాన భాగము: గలతీయులకు 5వ అధ్యాయము, 13వ వచనము



యొప్పేలో దొర్కా మరణించినప్పుడు పేతురు మేడగదిలోనికి వెళ్ళగా, అక్కడి విధవరాండ్రు ఆమె తమకు కుట్టి ఇచ్చిన బట్టలను అతనికి చూపి కన్నీరు పెట్టిన సంగతి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఉన్నది. ఆ భాగముపై మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. కాని 2022లో మా ఇల్లాలు ప్రభువునందు నిద్రించిన తరువాత, ఆమె ట్రంకుపెట్టె తెరచిన దినమున గాని ఆ మేడగది మాకు అర్థము కాలేదు. పెట్టెలో సగము కుట్టిన బొంత ఒకటి ఉన్నది. మన సంఘములోని ఒక వృద్ధ విధవరాలికి చలికాలములోపు ఇచ్చెదనని ఆమె మాట ఇచ్చియుండెను.

బొంత అనగా మీకు తెలియనిది కాదు. ఈ హుబ్బళ్ళి ప్రాంతమువారు కౌది అందురు. మహారాష్ట్రలోని మనవారు గోధడి అను మాట ఎరుగుదురు. పాత చీరెలు, పంచెలు పొరలుగా పరచి చేతితో వరుస కుట్లు వేయుటయే ఆ పని. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ధి స్త్రీలు బొంతను అంచు నుండి మొదలుపెట్టి లోపలికి కుట్టుకొనుచు వచ్చెదరు. నాలుగు మూలలలో మడిచిన చిన్న గుడ్డముక్కలు పెట్టిన గాని పని పూర్తియైనదని ఎంచరు. చేతి కుట్టుకు అంతటి ఓర్పు కావలెను. మా వ్రేళ్ళు బిగుసుకొనిపోయినవి, చూపు తగ్గినది. మాట ఎట్లు చెల్లింతుమా అని ఆలోచించుచుండగా, ధార్వాడలో చదువుకొనుచున్న మా మనుమరాలు సెలవులకు వచ్చి, "నాయనమ్మ మిషను ఉందిగా తాతయ్యా, ఫ్రీ మోషన్ క్విల్టింగ్ నేర్పిస్తాను" అనెను. ముప్పది యేండ్లకు పైగా పాఠము చెప్పినవారము, ఆ దినము విద్యార్థిగా కూర్చుంటిమి.

తెలిసిన దానినుండి తెలియని దానికి పోవలెనని మాకు ఉపాధ్యాయ శిక్షణలో నేర్పిరి. కనుక మీకు తెలిసిన మిషనుతోనే మొదలుపెట్టెదము. సూది క్రింద చిన్న ఇనుప పళ్ళుండును. అవి పైకి లేచి, బట్టను వెనుకకు జరిపి, క్రిందికి దిగి, మరల ముందుకు వచ్చును. ఈ నాలుగు కదలికల ఏర్పాటుకు అమెరికాలో అలెన్ విల్సన్ అను ఆయన 1854లో పేటెంటు పొందెను. కుట్టు ఎంత పొడవుండవలెనో, బట్ట ఎటు పోవలెనో ఆ పళ్ళే చూచుకొనును. మన చేయి ఊరక దారి చూపిన చాలును.

ఫ్రీ మోషన్‌లో ఆ పళ్ళను దింపివేయుదురు. దింపుటకు వీలులేని మిషనైతే వాటిమీద ఒక పలక మూయుదురు. మామూలు ఫుట్టు తీసి స్ప్రింగుగల డార్నింగ్ ఫుట్టు బిగింతురు. అప్పుడు బట్టను ముందుకు, వెనుకకు, ప్రక్కలకు, ఎటైనను త్రిప్పవచ్చును. అలలు, ఆకులు, పువ్వులు సూదితోనే గీయవచ్చును. కాని మనము జరుపకపోతే బట్ట కదలదు. సూది ఒక్కచోటనే పొడుచుచుండును.

మొదటి దినమున మేము పాడుచేసినది చాలకలదు. పనికిరాని గుడ్డముక్కల నడుమ పలుచని దూది పొర పెట్టి, పిన్నీసులు గుచ్చి, దానిమీద అభ్యాసము చేసితిమి. ఈ ఫుట్టు బట్టను గట్టిగా అదిమిపెట్టదు గనుక దానిని దించు మీట వేసినను వేయకపోయినను ఒకటే అనుకొంటిమి. పది కుట్లు పడగానే అడుగున దారమంతయు పిచ్చుకగూడువలె చిక్కుపడెను. మీట దించకపోతే పైదారమును పట్టియుంచు టెన్షన్ పలకలు విడిపోయి యుండునట. చూచుటకు అంతయు స్వేచ్ఛయే, అయినను కనబడని పట్టు ఒకటి ఉండియే తీరవలెను.

రెండవది, చేతికిని కాలికిని పొత్తు కుదరలేదు. కాలు నెమ్మదిగా త్రొక్కి చేయి త్వరగా జరిపినచో కుట్లు బారెడు పడెను. చేయి నిలిచి కాలు పరుగెత్తినచో ఇసుకరేణువులవలె ఒకచోట గుమిగూడెను.

మూడవది సూది విరుగుట. ఒకటి విరిగెను, మరల ఇంకొకటి విరిగెను. అప్పుడు మనుమరాలు మా భుజముమీద చేయి వేసి ఇట్లనెను: "తాతయ్యా, అంత గట్టిగా పట్టుకోకండి. బట్టను లాగితే సూది వంగి పలకకు తగిలి విరుగుతుంది. అరచేతులు ఊరికే ఆనించండి. సూదినే చూడకండి, వెళ్ళాల్సిన చోటు చూడండి."

ప్రియులారా, ఆ మాట మాకు వేరొక సంగతిని జ్ఞాపకము చేసెను. దానిని మీ యెదుట ఒప్పుకొనుట మంచిది. అంతకు రెండేండ్ల ముందు యౌవనస్థుల కూడికలో ఈ బిడ్డయే లేఖన భాగము చదువుటకు లేచెను. ఆమె బడిలో చదివినది కన్నడము. తెలుగు మాటలాడగలదు గాని చదువలేదు. అందుచేత కన్నడ బైబిలు తెరచి చదువుచుండగా, మేము నడుమ ఆపి, ఇది తెలుగు సంఘమని అందరి యెదుట గద్దించితిమి. ఆమె బైబిలు మూసి కూర్చుండెను. అటుతరువాత ఆరాధనకు రాలేదు. ఈ కాలపు పిల్లలకు భక్తి లేదని మేము పలువురితో చెప్పుచు వచ్చితిమి. సూది విరిచినది మా చేయి అని ఒకనాడును తలంచలేదు.

ధర్మశాస్త్రము క్రీస్తు నొద్దకు నడిపించు బాలశిక్షకుడని గలతీ సంఘమునకు పౌలు వ్రాసెను. మన తాతలు స్వగ్రామములు విడిచి రైల్వే పనికని, మగ్గముల పనికని, గనుల పనికని ఈ రాష్ట్రములకు వచ్చిరి. ఊరిలోనుండగా గుడిగంట, పెద్దల చూపు, ఇరుగుపొరుగువారి మాట వారిని ఆరాధనకు నడిపించెను. బట్టను జరుపు పళ్ళ వంటివి అవి. ఇక్కడ పుట్టి కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ బడులలో చదివిన మన పిల్లలకు ఆ పళ్ళు లేవు. వారు తమంతట తామే కదలవలెను. అట్టివారిని చూచి భయపడి మనము బట్టను లాగుచున్నాము.

తెలుగు విడిచిపెట్టుడని మేము చెప్పుటలేదు. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుడి, ఓపికతో నేర్పుడి. అయితే మాకు పుట్టు మాట తెలుగైనట్లే మా మనుమరాలు చదివిన అక్షరము కన్నడము. రెండింటిలోను దేవుని వాక్యము వాక్యమే. పిల్లల్ని నొప్పించి వారి ధైర్యము చెరుపవద్దని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో తండ్రులకు చెప్పబడిన హెచ్చరిక తాతలకును చెందును.

యౌవనులారా, మీతోను ఒక మాట. పళ్ళు దిగినవి గదా అని చేతులు కట్టుకొని కూర్చుండకుడి. కదలని బట్టకు సూది రంధ్రము చేయును గాని పువ్వు వేయదు. స్వాతంత్ర్యము పొందినవారు దానిని స్వార్థమునకు వాడక ప్రేమతో ఒకరికొకరు పరిచర్య చేయవలెననునదే నేటి ధ్యాన భాగపు సారము. క్రీస్తు ప్రేమయే ఆ కనబడని పట్టు. అది లేనిచోట ఎంత అందముగా త్రిప్పినను అడుగున చిక్కే మిగులును. ప్రతిదినము కొంచెము సేపైనను వాక్యముతో ప్రార్థనతో గడుపుడి. చిత్తుగుడ్డమీద నిత్యము అభ్యాసము చేసిన చేయియే మంచి బట్టమీద తడబడదు.

ఆ సాయంకాలము మేము, "అమ్మా, ఆ రోజు నిన్ను మధ్యలో ఆపడం మా తప్పు" అని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "బాబిన్‌లో దారం అయిపోయింది తాతయ్యా, చుట్టుకోండి" అనెను. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆపై ఆదివారమును రాలేదు. నాలుగవ ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. ఆ దినపు వాక్యమును తెలుగులోను కన్నడములోను చదివించితిమి. కన్నడ భాగము ఆమెయే చదివెను. ఇకమీదట వచ్చునా రాదా అనునది ఆమెకును ప్రభువుకును మధ్యనున్న సంగతి. మేము లాగము.

బొంత డిసెంబరులో పూర్తియైనది. నడుమ నుండి అంచులవైపు కుట్టుచు వచ్చితిమి, అట్లయితే ముడతలు వెలుపలికి పోవును. సగము మా ఇల్లాలి చేతి కుట్లు, ఒకే కొలతగా ఉన్నవి. మిగిలిన సగము మావి, కొన్ని బారెడు, కొన్ని ఇసుకరేణువులు. విప్పి మరల కుట్టుదుమా అని తలంచితిమి గాని చలి అప్పటికే వచ్చియుండెను. ఆ విధవరాలు బొంతను ఒడిలో పెట్టుకొని, ఏ కుట్లు ఎవరివో వ్రేలితో తడిమి చెప్పెను. కప్పుకొనిన తరువాత వెచ్చదనములో భేదము లేదనెను.

మన సంఘములలో మన చేతి బిగువు వలన వెనుకకు తగ్గిన బిడ్డ ఎవరైన ఉన్నయెడల, ఈ వారమే వారి ఇంటికి వెళ్ళి ఒక మాట చెప్పుదము. అట్టి దీనమనస్సు ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.