సాయం చెయ్యకపోవడం సేవ అవుతుందా?

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పెద్దాయన ముందు కంచం పెట్టగానే కోడలో కూతురో పక్కన చేరి, ముద్ద కలిపి నోటికందిస్తుంది. ఎంత సేవ చేస్తోందోనని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. అదే పూట ఫిజియోథెరపిస్టు వచ్చి, ముద్ద ఆయన్నే కలుపుకోనివ్వండి, మెతుకులు ఒళ్లో రాలినా ఫరవాలేదు అంటే ఆ ఇంట్లో అది నిర్దయలాగే వినిపిస్తుంది. ఎదుటివారి కష్టాన్ని మన మీద వేసుకోవడమే సేవ అని భక్తికథలు మనకు నూరిపోశాయి. శ్రవణకుమారుడు తల్లిదండ్రులను కావడిలో మోశాడు గాని నడవమనలేదు. చూపులేని ముసలివాళ్లకు ఆ మోతే ధర్మం, సందేహం లేదు. ఆ కావడిని ప్రతి మంచం దగ్గరికీ తెస్తేనే చిక్కు.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పరిశోధనల్లో ఒక సంగతి తేలింది. స్పర్శజ్ఞానం పోయిన చేతిని, కదపగలిగే స్థితిలో ఉండి కూడా, కోతి వాడడం మానేస్తుంది. మంచి చేత్తో నెట్టుకొస్తుంది. (ఆయన ప్రయోగశాల మీద 1981లో జంతుహింస కేసు నడిచిందన్నది మరవకూడదు. ఈ జ్ఞానం చేతులకు మట్టి అంటకుండా రాలేదు.) దాని నుంచి పుట్టిన చికిత్సలో రోగి మంచిచేతికి మందపాటి తొడుగు వేస్తారు. మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు అలాగే ఉంచి, బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి: రెండు వారాల ఈ సాధనతో వచ్చిన మెరుగు ఏడాది తరవాత కూడా నిలిచింది. అంటే ప్రేమతో అందించే ముద్ద కూడా, ఆ చేతికి పని లేకుండా చేసి, దాన్ని ఇంకాస్త వెనక్కి నెట్టవచ్చు. మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకు లాగితే భుజం దెబ్బతింటుంది. అక్కడా లాగేది ప్రేమే.

ఇది కఠినత్వానికి శాస్త్రం ముసుగు వెయ్యడం కాదా అని అడగవచ్చు. ముసుగుగా వాడుకునేవాళ్లు ఉంటారు కూడా. అందుకే హద్దు ఎక్కడన్నది ముఖ్యం. ఆ పరీక్షలో మణికట్టు, వేళ్లు కొంతైనా చాచగలిగినవారినే తీసుకున్నారు. బొత్తిగా కదలని చేతిని ప్రయత్నించు ప్రయత్నించు అని వేధించడం వైద్యం కాదు, రాని ఫలితానికి రోగినే దోషిని చెయ్యడం. ఎంతవరకు చేతనవునో కొలిచి, ఆ కొసకు ఒక్క అడుగు ఇవతల సాయం ఆపాలి. తూలితే పట్టుకోవడానికి పక్కనే ఉండాలి.

ఈ వయసులో ఆయన్ని ఇంకా కష్టపెట్టడమెందుకన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. దానికి కొలతలు జవాబు చెప్పలేవు. ఫలాపేక్ష లేని కర్మను గీత ఎంత మెచ్చినా, ఆ కర్మ రోగి శరీరం మీద జరుగుతున్నప్పుడు నిష్కామంగా ఉంటే చాలదు, ఆయన్ని అడగాలి. చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలని ఉందో, మనవడి చేత పెట్టించుకుంటూ కబుర్లు చెప్పడమే ఇష్టమో పెద్దాయనే చెప్పాలి. ఇక చాలు నాయనా అని ఆయన తెలిసే అంటే, తొడుగు విప్పెయ్యాల్సిందే, ఇంకో వారంలో చెయ్యి ఎంత బాగుపడేదైనా సరే.