హౌ అన్న ఒక్క మాట

చాంద్రాయణగుట్టలో, కేశవగిరి మీది చెన్నకేశవుడి గుడి కనిపించే వీధిలో మా ఇల్లు. ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. సాహసగాథల సినిమాల్లో కనిపించే వస్తువులకు నేను చేసిన నకళ్లన్నీ అందులోనే ఉంటాయి. 2004లో కోడి రామకృష్ణ తీసిన ‘అంజి’లోని ఆత్మలింగం ఒకటి. 1981లో వచ్చిన ఇండియానా జోన్స్ మొదటి సినిమాలో, హారిసన్ ఫోర్డ్ ఇసుక సంచి పెట్టి ఎత్తుకుపోయే బంగారు బొమ్మ ఒకటి. పై అరలో, నడుమ, పాతాళభైరవి. ఆ పై అర గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, రాయకుండానే లేచాను.

నేను బోర్డులు రాసే మనిషిని. ఫలక్‌నుమా నుంచి బండ్లగూడ దాకా దుకాణాల మీద తెలుగూ ఉర్దూ ఇంగ్లీషూ మూడూ రాశాను. బోర్డు పూర్తయ్యాక కింద మూలన చిన్నగా పేరు రాసుకోవడం మా పనిలో అలవాటు. అది చూసే ఇంకొకరు పిలుస్తారు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులూ పోయాయి, ఆ మూలా పోయింది. చేతులు ఊరుకోలేదు. బొమ్మల్లోకి దిగాను.

‘పాతాళభైరవి’ 1951 మార్చి 15న విడుదలైంది. కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాకు కళాదర్శకులు గోఖలే, కళాధర్. దూరదర్శన్‌లో చూసిన మొదటిసారే తోటరాముడి చేతిలోని బొమ్మ దగ్గర నా చూపు ఆగిపోయింది. పెద్దయ్యాక సీడీ తెచ్చుకుని, ఆపి ఆపి చూశాను. ఎన్.టి. రామారావు వేళ్లను కొలతగా పెట్టుకుని ఎత్తు లెక్కగట్టాను. ఆయనా, నేపాళ మాంత్రికుడి వేషంలో ఎస్.వి. రంగారావూ దాన్ని పట్టుకునే తీరు చూసి బరువు ఊహించాను.

ముందు బంకమట్టితో రూపం. దాని మీద రబ్బరు అచ్చు. అచ్చులో ఫైబర్. అచ్చు విరక్కుండా విప్పే కిటుకు ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే ఒక పెద్దాయన నేర్పాడు. నేను చూసిన ప్రింటు నలుపు తెలుపు కాబట్టి రంగు నేనే నిర్ణయించుకోవాలి. వెండిని తోలు పొరల మధ్య పెట్టి సుత్తితో సాగగొట్టే వరఖు పనివాళ్లు చార్మినార్ చుట్టుపక్కల ఉండేవాళ్లు. మిఠాయిల మీద అద్దే ఆ వరఖే కొని తెచ్చి, ఊపిరి బిగబట్టి అంటించాను. పైన లక్క పాలిష్ పల్చగా నాలుగు పూతలు వేసేసరికి వెండి మెల్లమెల్లగా బంగారు ఛాయకు తిరిగింది. ఆఖరున తారును కిరసనాయిల్లో కరిగించి ఒళ్లంతా పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచాను. మడతల్లో నలుపు నిలిచింది. ఉబ్బెత్తుల మీద మెరుపు మిగిలింది. అరవై ఏళ్లు చేతులు మారిన వస్తువులా తయారైంది. పాదాల దగ్గర ఉలితో చిన్న పెచ్చు కూడా లేపాను. అడుగున పేరు మాత్రం రాయలేదు. బోర్డు మూలన ఏనాడూ మర్చిపోని వాణ్ణి, ఇక్కడ కావాలనే మానుకున్నాను.

2016 వానాకాలంలో బార్కస్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బ్యారక్‌లే కదా తర్వాత బార్కస్ అయింది. ఈయన తాత అలా హద్రమౌత్ నుంచి వచ్చినవాడే. వాళ్ల దుకాణం బోర్డు ఒకప్పుడు నేనే రాశాను. పాతాళభైరవి హిందీలో 1952లో వచ్చింది. ఎనిమిదేళ్ల వయసులో, అన్న చెయ్యి పట్టుకుని వెళ్లి చూశాడట. బొమ్మలోంచి దేవత ప్రత్యక్షమైనప్పుడు అన్న చొక్కాలో ముఖం దాచుకున్నాడట.

బీరువా తెరిచి బొమ్మ ఆయన చేతిలో పెట్టాను. రెండు చేతులా పట్టుకున్నాడు. నేను లేపిన పెచ్చును బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు.

‘అస్లీ హై క్యా, బేటా?’ అన్నాడు.

‘హౌ, చాచా’ అన్నాను, అవునని.

అక్కడితో ఆగలేదు. మద్రాసులో స్టూడియో పాత సామాన్లు అమ్మేస్తుంటే తెలిసినవాళ్ల ద్వారా దొరికిందన్నాను. ఎవరూ అడగని కథ. నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది.

ఆయన కుర్చీలో కూర్చుని, బొమ్మను ఒళ్లో పెట్టుకుని, చాయ్ తాగుతూ చెప్పుకొచ్చాడు. సినిమా చూసొచ్చిన మర్నాడు జామతోటలోంచి తడిమట్టి తెచ్చి అలాంటి బొమ్మే చేశాడట. బార్కస్ అంటే జామకాయలే గుర్తొచ్చే కాలం అది. చేతులు నిలవకపోతే లోపల చీపురుపుల్లలు గుచ్చాడట. ‘ఇంత’ అని బొటనవేలూ చూపుడువేలూ చాచి ఎత్తు చూపించాడు. మేడ మీద ఎండబెడితే కుడిచెయ్యి ఊడిపోయింది. అన్న నవ్వలేదట. తడిమట్టి పెట్టి అతికించి ఇచ్చాడట. ఆ అన్న తర్వాత గల్ఫ్‌కు పోయి, అక్కడే కన్నుమూశాడు.

ఇలాంటి మాట ఒకటి వినాలని నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఈ బొమ్మలు డబ్బు దండగ. స్నేహితులకు ఫొటో దిగే చోటు. పచ్చిమట్టిలో చెయ్యి ఎందుకు నిలవదో తెలిసిన మనిషి, మొదటిసారి, నా ఎదురుగా కూర్చున్నాడు. నాకూ మూడుసార్లు ఊడింది చాచా, నేను లోపల ఇనప తీగ పెట్టాను అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పే దారి లేదు. పది నిమిషాల కిందే ఆ బొమ్మ నేను చేయలేదని చెప్పేశాను.

చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెద్దాయన సంతోషపడ్డాడు, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఇంకో సాకు చదువులోంచి దొరికింది. ఇండియానా జోన్స్ బంగారు బొమ్మకు మూలం వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ మ్యూజియంలో ఉన్న ఒక రాతిబొమ్మ. ప్రసవిస్తున్న స్త్రీ రూపం. అజ్టెక్ దేవత అని చెబుతూ వచ్చారు. స్మిత్సోనియన్ పరిశోధకురాలు జేన్ మెక్‌లారెన్ వాల్ష్ దాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, రాతి మీది గీతలు తిరిగే పనిముట్లు చేసినవని, అది 19వ శతాబ్దంలో చెక్కింది అయివుంటుందని 2008లో రాసింది. అది చదివిన రాత్రి నాకు ఎంత హాయిగా నిద్రపట్టిందో! అసలు అనుకున్నదే నకలైతే నన్నెవరు అడుగుతారు అనుకున్నాను.

ఆ హాయి నిలవలేదు. సినిమావాళ్లు తమ బొమ్మను సినిమా బొమ్మ అనే చెప్పారు. దాచింది ఆ రాయి చెక్కినవాడు, లేదా అమ్మినవాడు. కఠినమైన రాతిలోంచి నొప్పుల్లో పళ్లు బిగించిన ముఖాన్ని తీసిన చెయ్యి అది. ఎంత చెయ్యి తిరిగినవాడై ఉండాలి! దేవత పేరు వంద రకాలుగా రాశారు, ఆ చేతికి పేరు లేదు. తోడు దొరికిందని నేను సంబరపడింది అలాంటి మనిషిని చూసి.

చాచా అడిగింది, ఇది అసలుదా అని. నాకు వినిపించింది వేరు, నీ పని గెలిచిందా అని. దానికే హౌ అన్నాను. ఆయన కోసం చెప్పిన అబద్ధమని ఇన్నాళ్లూ అనుకున్నది కూడా అబద్ధమే.

2019లో రంజాన్ అయ్యాక, చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్లాను. కొడుకు ఎదురొచ్చాడు. నాలుగు నెలల కింద పోయాడన్నాడు. లోపల కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. మద్రాసు నుంచి వచ్చిన ఆ బొమ్మను చేత్తో పట్టుకున్నానని అబ్బా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడన్నాడు. నేను చాయ్ తాగి లేచి వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఆ వారమే బొమ్మ అడుగున సన్న కుంచెతో పేరు రాశాను. ముందు ఒక అట్టముక్క పెట్టాను: నకలు, గోఖలే, కళాధర్‌ల పని చూసి నేను చేసింది. అట్ట చదివినవాళ్లు చాలామంది తొందరగా కింది అరకు వెళ్లిపోతారు. అలా వెళ్లినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ రోజు హౌ అన్న మనిషి నాలో ఇంకా ఉన్నాడని ఆ బాధే చెబుతుంది.

ఈమధ్య రాత్రుళ్లు ఒక మట్టిబొమ్మ చేస్తున్నాను. వరఖు లేదు, పాలిష్ లేదు. దాని రూపానికి నా దగ్గరున్న ఆధారాలు మూడే. చాచా వేళ్ల మధ్య చూపించిన ఎత్తు, చీపురుపుల్లలు, ఊడిన కుడిచెయ్యి. నేను ఊడగొట్టాల్సిన పనిలేకుండా రెండుసార్లు దానంతట అదే ఊడింది. తడిమట్టి పెట్టి అతికించాను. ఇప్పుడు మేడ మీద ఎండుతోంది. ఎండాక వాళ్లింటికి తీసుకెళ్లాలి.