మౌనం దానమవుతుందా? – అవయవదానంలో ఊహిత సమ్మతి: ఒక నైతిక పరిశీలన

'మౌనం అర్ధాంగీకారం' అన్నది తెలుగువారి వ్యవహారంలో స్థిరపడిన మాట. ఇందులో తరచు గమనానికి రానిది 'అర్ధ' శబ్దం. మౌనం సగం సమ్మతి మాత్రమే. మిగిలిన సగాన్ని ఎవరో ఒకరు పూరించాలి. మరణానంతర అవయవదానంలో ఆ సగాన్ని పూరించే అధికారం ఎవరిది అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

బతికి ఉండగా నిరాకరణను నమోదు చేయని ప్రతి వయోజనుడినీ మరణానంతరం దాతగా భావించే విధానాన్ని 'ఊహిత సమ్మతి' అనవచ్చు. స్పెయిన్ 1979లో, సింగపూర్ 1987లో, వేల్స్ 2015లో, ఇంగ్లండ్ 2020లో ఈ మార్గాన్ని చేపట్టాయి. భారతదేశపు 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం ప్రధానంగా స్పష్ట సమ్మతిని ఆశ్రయించింది. వ్యక్తి ముందుగా రాసి ఇవ్వని పక్షంలో నిర్ణయం బంధువులకు చెందుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 'జీవన్‌దాన్' కార్యక్రమం కూడా కుటుంబ సమ్మతితోనే నడుస్తోంది.

మెట్ట ప్రాంతపు రెండు ముఖాలు

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగం. అక్కడ ఈ ప్రశ్న కేవలం తాత్త్వికం కాదు. నందిగామ, జగ్గయ్యపేట పట్టణాలు రెండూ విజయవాడ–హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి మార్గంలో ఉన్నాయి. రహదారి ప్రమాదాలలో తలకు దెబ్బ తగిలి జీవన్మృతి పొందేవారు అవయవాల లభ్యతకు ఒక ముఖ్య ఆధారం. అదే మెట్టలో, ఎ.కొండూరు మండలపు తండాలలో, మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఇవ్వగలవారూ, పొందవలసినవారూ ఒకే నేల మీద ఉన్నారు. ఒక జీవన్మృతుని రెండు మూత్రపిండాలు ఇద్దరిని డయాలసిస్ నుంచి తప్పించగలవు. చితిలో కాలిపోయేదానిని కాపాడడానికి మౌనాన్ని అంగీకారంగా గ్రహిస్తే తప్పేమిటన్న వాదానికి బలం ఉంది. దానిని తేలికగా తోసిపుచ్చలేము.

దానమా, రుణమా?

అయితే ఇక్కడ వాడుతున్న 'దానం' అనే పదాన్ని నిలిపి చూడాలి. ధర్మశాస్త్ర పరిభాషలో దానమంటే తన స్వత్వాన్ని వదులుకొని ఇతరులకు స్వత్వం కల్పించడం. ఆ వదులుకోవడం దాత మనస్సులో జరగాలి. దేహదానానికి ఆదర్శాలుగా చెప్పుకొనే దధీచి, శిబి, కర్ణుల కథలన్నింటిలో ముందు అడిగేవారు ఉన్నారు, ఆ పిమ్మట తెలిసి ఇచ్చినవారు ఉన్నారు. ఇంద్రుడు మారువేషంలో వచ్చాడని ఎరిగే కర్ణుడు కవచకుండలాలు ఇచ్చాడు. కర్ణుడు నిద్రలో ఉండగా ఇంద్రుడు వాటిని తీసుకొని, వద్దనలేదు కనుక దానమే అని ఉంటే ఆ కథ దానకథగా నిలిచేది కాదు.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం వద్ద లభించిన ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం ఈ సందర్భంలో గమనార్హం. సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలను ప్రతిష్ఠించాడు. ఆ శాసనం దాత పేరుతో ఆగదు. తల్లిని ముందుంచుకొని, భార్య, బిడ్డలు, సోదరుడు, బంధుమిత్రులతో కలిసి, సర్వ ప్రాణుల హితసుఖాల కోసం ఇచ్చినట్లు చెబుతుంది. దాత ఎవరో, ఎవరితో కలిసి ఇస్తున్నాడో, ఎందుకు ఇస్తున్నాడో అందులో స్పష్టం. మౌనానికి అక్కడ చోటు లేదు.

ఊహిత సమ్మతిని సమర్థించడానికి దానం కంటె రుణభావన సమంజసమైన ఆధారం. మనిషి తోటి మనుషులకు కూడా రుణపడి పుడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. అవయవాన్ని ఆ రుణంగా భావిస్తే అడగకుండా వసూలు చేయడం కొంత సబబే అనిపించవచ్చు. కాని రుణం పరస్పరతను కోరుతుంది. అవయవ మార్పిడి జరిగే ఆసుపత్రులు పెద్ద నగరాలలో ఉన్నాయి. తండా మనిషి మూత్రపిండం నగరానికి చేరడం ఎంత సులభమో, నగరంలో మార్పిడి చికిత్స తండా మనిషికి అందడం అంత సులభం కానంతవరకు ఆ రుణపత్రం ఏకపక్షమే.

ఎవరి మౌనం?

నిరాకరణ నమోదు కావాలంటే చట్టం తెలియాలి, అక్షరం రావాలి, కార్యాలయానికి వెళ్లే వెసులుబాటు ఉండాలి. ఇవి లేనివారి మౌనం అంగీకారం కాదు. వారిని ఎవరూ అడగలేదనడానికి సాక్ష్యం. 1994 చట్టపు 5వ సెక్షన్‌లోనూ దీని ఛాయ ఉంది. ఆసుపత్రిలో గాని చెరసాలలో గాని ఉన్న మృతదేహాన్ని 48 గంటలలోగా సమీప బంధువులు కోరకపోతే, ఆ సంస్థ నిర్వాహకులు అవయవ సేకరణకు అనుమతించవచ్చు. బంధువులు రావచ్చునన్న నమ్మకం ఉంటే ఆ అనుమతి చెల్లదు. అయినా దిక్కులేనివారి విషయంలో మౌనపు రెండవ సగాన్ని సంస్థ పూరిస్తున్నదన్నది వాస్తవం.

ఇతర దేశాల అనుభవం కూడా ఈ దిశనే చూపుతుంది. స్పెయిన్‌లో చట్టం ఎలా ఉన్నా ఆచరణలో కుటుంబాన్ని అడుగుతారు. 1989లో ఏర్పడిన జాతీయ సంస్థ, శిక్షణ పొందిన ఆసుపత్రి సమన్వయకర్తలే ఆ దేశపు విజయానికి ప్రధాన కారణాలని ఆ వ్యవస్థను నిర్మించిన రఫాయెల్ మాతేసాన్స్ వాదించారు. బ్రెజిల్ 1997లో ఊహిత సమ్మతి చట్టం చేసి, ప్రజల అవిశ్వాసం వల్ల మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది.

ముగింపు

ఊహిత సమ్మతి ప్రాణాలు కాపాడవచ్చు. అప్పుడు కూడా దానిని సామాజిక విధి అనాలే తప్ప దానం అనరాదు. దానమన్న పేరు నిలవాలంటే అడగడం అనే బాధ్యతను రాజ్యం ముందు నిర్వర్తించాలి. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో అవయవదానం గురించిన ప్రశ్న ఇప్పటికే ఉంది. రహదారి పక్కన బతికే నందిగామ, జగ్గయ్యపేట ప్రజలకు అది పూరించవలసిన గడిగా కాక, ఇంట్లో తల్లిని ముందుంచుకొని మాట్లాడుకోదగిన ప్రశ్నగా అందాలి. అలా అడిగిన తరువాత కూడా మిగిలే మౌనానికే అర్ధాంగీకారమన్న పేరు చెల్లుతుంది. అప్పుడైనా మిగతా సగం కుటుంబానిదే.