ముందు వెలుగు, తరువాత పిలుపు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 12:1-17



హేరోదు రాజు యాకోబును చంపించెను. అది ప్రజలకు ఇష్టమైనదని చూచి పేతురును కూడ పట్టించి చెరసాలలో వేయించెను. ఒక్క మనుష్యుని కావలికి పదునారుగురు సైనికులు! పండుగ గడచిన పిమ్మట అతనిని ప్రజలయెదుటికి తేవలెనని రాజు తలంపు. అక్కడ తనకేమి జరుగనున్నదో పేతురు ఊహింపలేనివాడు కాడు. అయినను ఆ రాత్రి అతడు రెండు సంకెళ్ళతో ఇద్దరు సైనికుల నడుమ నిద్రపోవుచుండెను. అప్పు గడువు రేపనగా మనలో ఎందరికి నిద్ర పట్టును? పేతురునకు ఎట్లు పట్టెనో మరియొక నెల ధ్యానింతము.

ఈ నెల నా మనస్సు ఏడవ వచనమునొద్ద నిలిచినది. దూత చేసిన పని వరుసను గమనించుడి. మొదట ఆ చీకటి గదిలో వెలుగు కలిగెను. పిమ్మట దూత పేతురు ప్రక్కను తట్టెను. లెమ్మను మాట ఆ తరువాతనే వచ్చెను. ఈ అధ్యాయముపై నేను పలుమారులు ప్రసంగించితిని గాని, ఈ వరుసను ఇంత శ్రద్ధగా చూచునట్లు చేసినది ఒక దీపము. ఆ సంగతి చెప్పెదను.

మన పల్లె సంఘములనుండి చదువు నిమిత్తమును నర్సు పని నిమిత్తమును ఇంగ్లండు, స్కాట్లండు దేశములకు వెళ్ళిన బిడ్డలు ఈనాడు తక్కువ కాదు. గత చలికాలములో ఒక తల్లి ప్రార్థన కూటము ముగిసిన తరువాత ఆగి నాతో ఇట్లనెను: “అయ్యగారూ, మా అమ్మాయి కోసం ప్రార్థన చేయండి. స్కాట్లండులో పొద్దున్నే లేవలేకపోతున్నదట. ఫోనులో ఏడుస్తున్నది. ఏదో దీపం కొనుక్కున్నదట, అది లేపుతుందట. దీపం మనిషిని లేపడమేమిటండీ?” ప్రక్కనున్న పెద్ద ఒకరు, “ప్రార్థన తగ్గితే అట్లాగే ఉంటుందమ్మా” అనెను. ఆ తల్లి ముఖము చిన్నబోయెను. మారుమాట పలుకక చెంగు సర్దుకొని వెళ్ళిపోయెను. ఆ పెద్ద చెడ్డవాడు కాడు. మనమందరము అనుమాటయే అతడు అనెను. కాబట్టియే దానినిగూర్చి వ్రాయుచున్నాను.

ఆ దీపములో మంత్రమేమియు లేదు. అన్నము తిను పళ్ళెమంత గుండ్రని దీపము. మంచము ప్రక్కన బల్లమీద పెట్టుకొందురు. ఎన్ని గంటలకు లేవవలెనో దానిలో అమర్చుకొనవలెను. ఆరు గంటలకని అమర్చినయెడల, సుమారు అయిదున్నరకే అది పొయ్యిలో నివురు తొలగిన నిప్పువలె సన్నని యెఱ్ఱని కాంతితో మొదలుపెట్టును. అది మెల్లమెల్లగా నారింజ రంగునకు, ఆపైన పసుపు కలిసిన తెలుపునకు హెచ్చును. ఆరగునప్పటికి గది అంతయు తెల్లవారినట్లుండును. అప్పుడు పిట్టల కూతగాని చిన్న గంటగాని వినబడును. దేవుడు మనకు ప్రతి దినము తూర్పున ఉచితముగా చేయుచున్న పనిని ఆ దీపము ఒక గదిలో అనుకరించుచున్నది, అంతే.

అచ్చట తూర్పు లేదా యని అడుగుదురేమో. ఉన్నది. గాని భూమి 23½ డిగ్రీలు ఒరిగి తిరుగుచున్నందున చలికాలములో ఉత్తర దేశములకు సూర్యకాంతి కొరవడును. మన తెలుగు నాడు సుమారు 13 మొదలు 20 అక్షాంశముల నడుమనున్నది. ఎడింబరో పట్టణము 56వ అక్షాంశమునకు దగ్గర. మనకు డిసెంబరులో సైతము పగలు 11 గంటలుండును. ఎడింబరోలో ఆ దినములలో పగలు 7 గంటలే. ప్రొద్దు పొడుచుట 8.40 దాటిన తరువాత; సాయంత్రము నాలుగు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. ఆస్పత్రిలో పగటి పనివారు ఏడు, ఏడున్నరకే చేరవలెను. అనగా ఆ బిడ్డ చీకటిలో లేచి, చీకటిలో నడచి, తిరిగి చీకటిలోనే ఇల్లు చేరును. నార్వే దేశపు ఉత్తర దీవులలో లాంగియర్‌బైన్ అను ఊరున్నది. అచ్చట అక్టోబరు చివర క్రుంకిన సూర్యుడు ఫిబ్రవరి నడుమవరకు పైకి రాడు. చుట్టును కొండలున్నందున ఊరిలో ఎండ పడుటకు మార్చి 8వ తేది ప్రాంతము కావలెను. ఆ దినమున పిల్లలు పెద్దలు పాత ఆస్పత్రి మెట్లయొద్ద కూడుకొని మొదటి కిరణముకొరకు కనిపెట్టుదురు. ఉదయముకొరకు ఎదురుచూచు కావలివారినిగూర్చి 130వ కీర్తనలో మనము చదువుచున్నాము. ఆ మెట్లమీద నిలిచిన వారికి దాని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

“మేమూ చీకటితోనే లేస్తాం గదా” అని పొలము పనివారు అందురు. నిజమే. గాని మీరు లేచిన కొంతసేపటికి తెల్లవారును, ఆ తరువాత దినమంతయు మీ వీపుమీద ఎండయే. దేవుడు మన దేహమును ఆ వెలుగునకు ముడిపెట్టి చేసెను. కంటి వెనుక పొరలో కొన్ని కణములున్నవి. వాటి ముఖ్యమైన పని రూపములను చూపుట కాదు, వెలుగు వచ్చినదని తెలుపుట. 2002లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి విశదపరచిరి. ఆ కణములు మెదడులోని ఒక చిన్న కేంద్రమునకు వర్తమానము పంపగా, రాత్రివేళ దేహములో ఊరు మెలటోనిన్ అను పదార్థము తగ్గును. మూసిన రెప్పలగుండ కూడ కొంత వెలుగు లోనికి పోవును. దేహములోని ఈ గడియారము ఎట్లు నడచునో కనుగొన్న జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము వచ్చెను. వారు పరిశోధించినది మ్రగ్గిన పండ్లమీద వాలు చిన్న యీగలను! చలికాలపు చీకటిలో కొందరిని పట్టు దీర్ఘ విచారమునుగూర్చి నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడును అతని తోటివారును 1984లో వ్రాసిరి. అతడు ఎండగల దక్షిణ ఆఫ్రికానుండి అమెరికాకు వెళ్ళినవాడు. ఎండ దేశమునుండి వెళ్ళిన మన బిడ్డల కష్టము అట్టివానికి తెలియకపోవునా?

కాబట్టి పెద్దలారా, లేవలేని వానిని చూచినప్పుడు ప్రార్థన తగ్గినదని తీర్పు చెప్పుటకు తొందరపడకుడి. మొదటి రాజులు 19వ అధ్యాయము తీయుడి. కర్మెలు కొండమీద ఆకాశమునుండి అగ్ని దిగునట్లు ప్రార్థించిన ఏలీయా, ఆ తరువాత అడవిలో ఒక చెట్టుక్రింద పడుకొని చావు కోరెను. ప్రార్థన తగ్గినదని దేవుడు అతనిని గద్దించెనా? నిద్రపోనిచ్చెను. దూతను పంపి తట్టించి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్ళును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి మరల తినిపించెను. నీవు ఇక్కడ ఏమి చేయుచున్నావను ప్రశ్న నలువది దినముల ప్రయాణము ముగిసి హోరేబు చేరిన తరువాతనే వచ్చెను. మనమైతే ఆ ప్రశ్నతోనే ప్రారంభింతుము.

ఒకరు నన్ను అడుగవచ్చును: ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5:14లో మొదట మేల్కొనవలెననియు, తరువాత క్రీస్తు వెలుగు ప్రకాశించుననియు లేదా? ఉన్నది. గాని దానికి పైనున్న ఎనిమిదవ వచనము కూడ చదువుడి. పౌలు ఎవరితో మాటలాడుచున్నాడు? చీకటిలోనుండి వెలుగులోనికి తేబడినవారితోనే. వెలుగు వారియొద్దకు ముందే వచ్చినది. ఆదికాండములో సైతము వెలుగు మొదటి దినమున, మనుష్యుడు ఆరవ దినమున. ఆదాము కన్ను తెరచినప్పుడు వెలుగు అతనికొరకు సిద్ధముగా నుండెను.

ఆ దీపము వెలుగు హెచ్చుచుండు అరగంట నిద్రించువానికి తెలియదు. అతడు గురక పెట్టుచునేయుండును. పని మాత్రము జరుగుచుండును. మీరు ప్రభువును అంగీకరించిన దినమును మీరు చెప్పగలరు. దానికి ముందు మీ నాయనమ్మ ఎన్ని సంవత్సరములు గుడ్డి లాంతరు ప్రక్కన మోకరించి మీ పేరు దేవునియెదుట పలికెనో చెప్పగలరా?

ఇప్పుడు మన పద్ధతి చూచుకొందము. త్రాగుడు మరిగి ఆరు నెలలు గుడికి రాని యువకుడున్నాడనుకొనుడి. మనమేమి చేయుదుము? కమిటీ పెద్దలు నలుగురు కలిసి వెళ్ళి వాకిట నిలిచి, “ఏమయ్యా, బల్లకు రావడం లేదేం?” అని అడుగుదురు. వీధివారు విందురు. అంతకుముందు ఆ యింటికి ఎవరైనను ఊరక వెళ్ళిరా? అతని గొడ్డు చచ్చినప్పుడు వెళ్ళిరా? వెలుగు లేదు, స్పర్శ లేదు. మాట మాత్రము ముందుగా వెళ్ళెను. చీకటిలో పడుకొన్నవాని చెవియొద్ద ఇత్తడి పళ్ళెము వాయించినట్లు! అతడు లేచును, నిజమే. లేచి తలుపు వేసికొనును.

మాట వద్దని నేను చెప్పుట లేదు. వెలుగు కలిగినను పేతురు లేవలేదు, ప్రక్కను తట్టవలసివచ్చెను. ఆ దీపమునకు సైతము చివర చిన్న గంట ఉన్నది. పూర్వము ఇంగ్లండు మిల్లుల ఊళ్ళలో కూలివారిని లేపుటకు కొందరు జీతమునకు తిరుగుచుండిరి. పొడుగాటి కఱ్ఱతో మేడ కిటికీని తట్టువారు కొందరు, గొట్టములోనుండి ఎండు బఠాణీలను కిటికీమీదికి ఊదువారు కొందరు. ఇరువదియవ శతాబ్దము తొలి భాగములో కూడ వారుండిరి. లోపలివాడు లేచినాడని తెలియువరకు కిటికీ విడిచి పోనివారును వారిలో నుండిరట. ఒక్కసారి తట్టి, కమిటీ పుస్తకములో వ్రాసికొని మరలిపోవు మనకు ఆ కూలివారు గురువులు కాదగుదురు.

ఇక ఎనిమిదవ వచనము. సంకెళ్ళు వాటంతట అవే ఊడిపడెను. మరి నడుము కట్టుకొనుటయు చెప్పులు తొడుగుకొనుటయు? అవి పేతురే చేసికొనవలసివచ్చెను. ఇనుప గవినిని తెరచిన దేవునికి చెప్పులు తొడుగుట కష్టమా? పేతురు చేయగలిగినది పేతురునకే విడిచెను. దీపము కూడ అంతే. అది గది వెలిగించును గాని పాదమును మంచముమీదినుండి నేలకు దింపదు. దానితో అందరికి మేలు కలుగునని కూడ నేను చెప్పను. కొందరికి వైద్యులు పగటివేళ మరింత తీక్షణమైన వేరే దీపమునెదుట కూర్చుండుమందురు. కొందరికి మందులు కావలెను. వారముల తరబడి నిద్రాహారములు తప్పి, బ్రదుకుమీద ఆశ పోయినదని బిడ్డ చెప్పినయెడల ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పంపుడి. మలేరియాకు మందు మింగుట అవిశ్వాసము కానప్పుడు ఇది ఎట్లు అవిశ్వాసమగును?

ఆ రాత్రి మార్కు తల్లియైన మరియ యింట అనేకులు కూడి పేతురుకొరకు ప్రార్థించుచుండిరి. వారి ప్రార్థనలో లోపము లేదు. సంఘము ఆసక్తితో ప్రార్థించెనని లూకాయే వ్రాసెను. గాని పేతురు వచ్చి తలుపు తట్టినప్పుడు, రొదే అను చిన్నది పరుగెత్తి చెప్పగా, ఆమెకు పిచ్చి పట్టినదనిరి. అడిగినది వాకిట నిలిచియుండగా, లోపల వాదన జరుగుచుండెను. బిడ్డను లేపుమని ఒక తల్లి నెలల తరబడి ప్రార్థించినది. దేవుడు ఒక వైద్యుని బుద్ధిని, ఒక ఫ్యాక్టరీలో చేసిన దీపమును వాడుకొని జవాబు పంపినయెడల, అది ఆయనయొద్దనుండి వచ్చినది కాదని మనమెందుకు అనవలెను?

దూరదేశములో బిడ్డలున్నవారికి ఒక చిన్న మాట. చలికాలములో బ్రిటను గడియారము మనకంటె 5½ గంటలు వెనుకనుండును. మనకు ఉదయము పది గంటలైనప్పుడు వారికి నాలుగున్నర. ఆ వేళకు ఫోను చేసి నిద్ర చెడగొట్టకుడి. వారు పని ముగించుకొని ఇల్లు చేరు వేళకు మనకు అర్ధరాత్రి దాటును గనుక, వారి సెలవు దినము తెలిసికొని ఆ దినమున చేయుట మేలు. బిడ్డ గొంతు వినగానే “పొద్దున్నే లేస్తున్నావా, బైబిలు చదువుతున్నావా” అని మొదలుపెట్టకుడి. “తిన్నావా అమ్మా?” అని అడుగుడి. తక్కినది ఆమె చెప్పనిండు.