సెలవు అడగడానికి సిగ్గెందుకు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది.

మీ అమ్మ ఫోన్ చేసి అన్నీ చెప్పింది. బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్‌కు తేదీ ఖాయమైందట. నువ్వేమో బట్టల షాపులో అపెండిసైటిస్ అని చెప్పి, వారం సెలవు పెట్టి, ఎనిమిదో రోజుకల్లా ఆబిడ్స్‌లో కౌంటర్ దగ్గర నిలబడతానంటున్నావట. ఆపరేషన్ మంచిచెడ్డలు నీకూ డాక్టరుకూ మధ్య తేలిపోయాయి, వాటిలో నేను వేలు పెట్టను. ఆ వారం సంగతీ, ఆ అబద్ధం సంగతీ మాత్రం మాట్లాడాలి. ఫోన్‌లో అయితే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను.

ముందు ఒంటి సంగతి. ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు. మిగిలినదాన్ని స్టేపుల్స్‌తో మూసి సన్నటి గొట్టంలా చేస్తారు. పొట్ట మీద కనిపించేవి నాలుగైదు చిన్న గాట్లే. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు కాబట్టి ఇంతేనా అనిపిస్తుంది. కానీ లోపలి కుట్టు మానడానికి వారాలు పడుతుంది. అక్కడ లీకైతే ప్రాణం మీదికొస్తుంది, ఆ ముప్పు ఎక్కువగా ఉండేదీ మొదటి వారాల్లోనే. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, పిక్కలో వాపు – వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే సర్జన్‌కు ఫోన్ చేయాలి. గిరాకీ మధ్యలో నిలబడ్డవాడు ‘షాపు మూశాక చూద్దాంలే’ అంటాడు. నువ్వూ అంటావు, నిన్ను నేనెరుగుదును.

ఇక తిండి. మొదటి రెండు వారాలూ ద్రవాలే. పలచటి మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి. అదీ గ్లాసెత్తి గటగటా తాగేది కాదు. మందు సీసా మూతతో కొలుచుకుని, గుక్క గుక్కకీ ఆగుతూ, రోజంతా తాగుతూనే ఉండాలి. దాహం వేసినప్పుడు ఒక్కసారిగా తాగుదామంటే కడుపు పట్టదు, తాగకపోతే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత మెత్తటి గుజ్జులాంటి తిండి, ఆపైన మెల్లగా మామూలు అన్నం. ఇప్పుడు నీ షాపు తలుచుకో. పది గంటలు నిలువుకాళ్ల మీద పని. పెళ్లివారు వస్తే పై అరలోంచి తాను మీద తాను దించి పరచాలి, వాళ్లు వెళ్లాక మళ్లీ చుట్టి ఎక్కించాలి. నాలుగింటికి చాయ్ కుర్రాడు ట్రే పట్టుకొస్తాడు, ‘అన్నా, ఒక్క ఉస్మానియా బిస్కెట్టేగా’ అంటారు పక్కవాళ్లు. ఈ మధ్యలో గుక్క గుక్కా లెక్కపెట్టుకుని ఎప్పుడు తాగుతావు? కూర్చుని లెక్కలు రాసే పనైతే రెండు మూడు వారాల్లో వెళ్లవచ్చు. బరువులెత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, లేకపోతే గాటు పెట్టిన చోట హెర్నియా వచ్చే ప్రమాదముంది. నీ పని రెండో రకం. వారం చాలదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అన్ని రోజులు ఎవరిస్తారంటావా? నాంపల్లి ఆఫీసులో సెలవు కాగితాల సీటులో నెరిసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. మీ షాపుకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. దాని ప్రకారం ఏడాదికి జీతంతో 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు ఉన్నాయి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరో 15 రోజుల సెలవు జమ అవుతుంది, వాడుకోకపోతే 60 రోజుల దాకా నిలవ ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో నువ్వు పెళ్లిళ్లకు తప్ప సెలవు పెట్టలేదు. కాబట్టి నెల రోజులు అడగడం నీ లెక్కలో ఉన్నది అడగడమే. అర్జీ రెండు ప్రతులు రాయి. ఒకటి సేటుకు ఇచ్చి, రెండోదాని మీద సంతకం, తేదీ తీసుకో. డాక్టరు సర్టిఫికెట్ జత చెయ్.

నీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ నీకు లేదు. కానీ నీ కింద తానులు మోసే కుర్రాళ్లకు ఉంది. జబ్బు చేసి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, చందా లెక్క సరిపోయినవాడికి ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆ సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసో కనుక్కో. తెలియనివాడికి చెప్పడం పెద్దవాడిగా నీ బాధ్యత.

ఇప్పుడు అసలు మాట. అపెండిసైటిస్ అని ఎందుకు చెప్పాలనిపించింది? ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాడు’ అంటారని. అననీ. నీకు షుగరుంది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి లేచి కూర్చుంటున్నావు. స్థూలకాయం జబ్బని వైద్యం ఎప్పుడో ఒప్పుకుంది. ఒళ్లు తగ్గించుకోబోతే ఆకలిని పెంచి మళ్లీ పాత బరువుకు లాక్కుపోవడం శరీరం స్వభావం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఈ ఆపరేషన్‌లో తీసేసే భాగంలోనే. మన ఉస్మానియా సర్కారు దవాఖానాలో కూడా ఈ ఆపరేషన్లు చేశారు. సోకుకోసమైతే సర్కారు ఎందుకు చేస్తుంది? 2014 సెప్టెంబరులో దేశ ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ, షుగరు వల్ల పెరిగిన బరువు తగ్గడానికి ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు. ఆ సంగతి దేశమంతటికీ తెలుసు. ఆ నెలలోనే ఆయన మళ్లీ ఎయిమ్స్‌లో చేరాల్సి వచ్చింది, అయినా ఖజానాకు తాళం పడలేదు. నువ్వు నెల రోజులు లేకపోతే ఆబిడ్స్‌లో బట్టలమ్మడం ఆగదు.

అలాగని ఊరందరికీ చాటమనడం లేదు. ఒంటి సంగతి నీ సొంతం. ‘కడుపు ఆపరేషన్, డాక్టరు నెల విశ్రాంతి రాశారు’ అంటే నిజం చెప్పినట్టే, గుట్టూ నిలిచినట్టే. అంతకుమించి అడిగితే ‘వివరాలొద్దులే అన్నా’ అనే హక్కు నీకుంది. చెప్పకుండా ఉండటం వేరు, లేనిది కల్పించడం వేరు. నా సీటులో ఉండగా చూశాను, బతికున్న అమ్మమ్మలను సెలవు చీటీల్లో చంపినవాళ్లు తర్వాత నిజంగా కష్టమొచ్చి అడిగితే పై అధికారి నమ్మలేదు. నీకైతే దొరికిపోవడం ఇంకా తేలిక. షాపు తీసిన గ్రూపు బీమాలోనే క్లెయిమ్ పెడుతున్నావు, ఆ కాగితాల్లో ఆపరేషన్ పేరు ఉండనే ఉంటుంది. పైగా ఆరునెలల్లో నీ చొక్కాలన్నీ వదులైపోతాయి, నడుమ కొన్నాళ్లు జుట్టూ రాలుతుంది. అపెండిక్స్ తీస్తే అలా అవుతుందా అని ఎవరూ అడగరా?

సెలవు తీసుకునేవాడికీ ధర్మముంది. నువ్వు పుష్యమాసంలో పెట్టుకోవడం నాకు నచ్చింది. పెళ్లి ముహూర్తాలు లేవు, షాపుకు ఇబ్బంది తక్కువ. స్టాకు లెక్క, బాకీల చిట్టా, తాళాలు ఒకరికి అప్పజెప్పి వెళ్లు. సెలవును సెలవులాగే వాడు. ఫోన్‌లో రేట్లు చెబుతూ కూర్చోకు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది కాబట్టి మొదటి రోజు నుంచే ఇంట్లో నడవాలి. డాక్టరు సరేనన్నాక పొద్దున్నే ఎండ ముదరకముందు పబ్లిక్ గార్డెన్స్‌లో రెండు చుట్లు నడువు. ఫిబ్రవరి సగం దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది, ఆ తోపులాటలోకి మాత్రం ఈ ఏడు వెళ్లకు. అక్కడి మిర్చీ బజ్జీలు వచ్చే ఏడూ దొరుకుతాయి. పనిలోకి వెళ్లాక కూడా సీసాలో నీళ్లు పక్కనే పెట్టుకో, కాస్త కూర్చోవడానికి స్టూలు అడుగు. విటమిన్ మాత్రలు జీవితాంతం మానకు.

లక్షలు పోసి, కత్తికి ఒళ్లప్పగించి, నాలుగు రోజుల విశ్రాంతి దగ్గర లోభించడం తెలివైన బేరం కాదు. రేపు పొద్దున షాపు తెరవగానే, గిరాకీ మొదలవకముందే సేటు దగ్గరికి వెళ్లు. నెల రోజులు అడుగు. తల వంచకుండా, అబద్ధం చెప్పకుండా అడుగు.

ఆశీస్సులతో,
నీ మామయ్య