ఓర్పుగల బండి

పాత కార్ల మాటెత్తితే మా ఇంట్లో మగవాళ్లు రెండు జట్లయిపోతారు. మా మామగారిది అంబాసిడర్ పక్షం. మా తమ్ముడిది ఫియట్ పక్షం. ఫియట్ అంటే 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్నదే లెండి. (పద్మినీ జాతి, హస్తినీ జాతి అంటూ ఆడవాళ్లని విడదీసిన వాళ్లు కార్లని మాత్రం వదులుతారా!)

అంబాసిడర్‌ది 1489 సీసీ ఇంజను, పద్మినిది 1089. ఆరుగురు ఎక్కి, పైన కారియరు మీద పరుపుచుట్టలు కట్టుకుని గోతుల రోడ్డున పడాలంటే అంబాసిడరే. సందుల్లో తిప్పుకోవడానికి, పెట్రోలు కలిసిరావడానికి పద్మిని. ఇంతవరకూ నాకే పేచీ లేదు.

పోషణ దగ్గరికొచ్చేసరికి మామగారు గెలిచినట్టే మాట్లాడతారు. "అంబాసిడర్‌కి ఓర్పెక్కువమ్మా. పట్టించుకోకపోయినా పోతూనే ఉంటుంది. ఆ ఫియట్టు నాజూకుది, రోజూ బుజ్జగించాలి" అంటారు. పక్కన మా అత్తగారు చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటూ ఉంటారు.

ఆ ఓర్పు అన్న మాట దగ్గరే నాకు గొంతులో ముల్లు పడ్డట్టుంటుంది. ఆ బండికి నిజంగా అవసరాలు తక్కువా? ఏ పాత మెకానిక్కునైనా అడిగి చూడండి. ముందు చక్రాల దగ్గర కింగ్‌పిన్నులకి వేళకి గ్రీజు కొట్టించాలి. ప్లగ్గులు తుడవాలి, పాయింట్లు సరిచూడాలి, కార్బురేటరు కడగాలి, రేడియేటరులో నీళ్లు చూసుకోవాలి. ఆ కాలం బళ్లు రెండిటికీ ఇవి తప్పవు. తేడా అల్లా పైకి చెప్పడంలోనే. గ్రీజు అందకపోయినంత మాత్రాన బండి ఆ పూటే ఆగిపోదు. లోపల ఇనుము ఇనుముని తింటూ ఉంటుంది, పైకి ప్రయాణం సాగుతూనే ఉంటుంది. మనం మెచ్చుకుంటాం. గ్రీజు మాత్రం పెట్టించం.

నాజూకుదని పేరుపడ్డది మొరాయించిన రోజునే షెడ్డు చేరుతుంది. ఓర్పుగలదని పేరుపడ్డదానికి దసరాకి చూద్దాం, సంక్రాంతికి చూద్దాం అనే మాటలతోనే ఏడాది గడిచిపోతుంది. అడగనంత మాత్రాన వాళ్లకి మనం ఇవ్వాల్సింది తగ్గిపోతుందా? అప్పు తీసుకున్నవాడు "ఆయన అడగలేదుగా" అంటే మనం ఊరుకుంటామా, మీరే చెప్పండి!

అర్ధరాత్రి నొప్పులొచ్చిన పిల్లని ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చే బండి విలువ నాకు తెలియక కాదు. ఆ గుణం గొప్పదే. కాని అది బండి గుణం. దాన్ని మన పొదుపు ఖాతాలో జమకట్టుకుని, పైగా "దీనికి ఖర్చే లేదు" అనడమే నాకు మింగుడుపడదు. ఖర్చు లేకేం, అది ఎవరు భరిస్తున్నారన్నదే లెక్కలోకి రావడం లేదు.

పద్మిని తయారీ ముందే ఆగిపోయింది. బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఇప్పుడు ఆ బళ్లున్నవాళ్లు ఆదివారాలు మెత్తని గుడ్డతో తుడుచుకుంటూ, ఒక్కో సామాను కోసం పాత ఇనుము దుకాణాలన్నీ తిరుగుతున్నారు. ఇంకొకటి దొరకదని తెలిశాక, గ్రీజు వేళకే పడుతోంది.